సర్ లయనెల్ చదవని ఎనిమిది నిమిషాలు

"పడగానే పోలేదు," అన్నాడు డాక్టరు, నేల మీద నుంచి లేచి ప్యాంటు మోకాళ్ళు దులుపుకుంటూ. "పావుగంట పైనే బతికి ఉన్నాడు. పద్దెనిమిది, ఇరవై నిమిషాలు అనుకోండి."

ఇన్‌స్పెక్టర్ గ్లెనిస్ ఓల్డ్‌రాయిడ్ ఆ మాట రాసుకుంది.

"అప్పుడే ఎవరైనా అంబులెన్సు పిలిచి ఉంటే?"

డాక్టరు సంచీ మూసుకుంటూ, "బతికేవాడేమో," అన్నాడు.

అది మంగళవారం పొద్దున పదీ ఇరవై. మూర్‌సైడ్ టెలివిజన్ కంపెనీ రెండో స్టూడియో. సెట్టు పలకలు ఒరిగిపోకుండా అడ్డం పెట్టే ఇనుప దిమ్మ పక్కన, వెల్లకిలా పడి ఉన్నాడు ఆ కంపెనీని పుట్టించిన సర్ లయనెల్ కాథ్రా. వయసు డెబ్బై ఒకటి. థార్న్‌లీ ఊళ్ళో రేడియోలు బాగుచేసే చిన్న కొట్టుతో బతుకు మొదలుపెట్టాడు. టీవీలు అద్దెకిచ్చాడు. నలభై నాలుగో ఏట టీవీ ప్రసారానికి లైసెన్సు తెచ్చుకున్నాడు. తర్వాత ఆసుపత్రి బోర్డుకి అధ్యక్షుడు, విశ్వవిద్యాలయానికి చాన్సలరు, రాణిగారి చేతుల మీదుగా సర్ బిరుదు. అన్నిటికంటే ముఖ్యంగా స్వేల్‌బెక్ నిధి. అరవై నాలుగులో స్వేల్‌బెక్ ఉన్ని మిల్లు తగలబడి పదకొండు మంది ఆడవాళ్ళు పోయినప్పుడు, వాళ్ళ పిల్లల కోసం ఆయన పెట్టిన నిధి. ఇరవై ఏడేళ్ళుగా ప్రతి నవంబరులోనూ తనే టీవీలో కూర్చుని జనాన్ని చందా అడిగేవాడు.

ఆ నిధితో చదువుకున్న పంతొమ్మిది మంది పిల్లల్లో గ్లెనిస్ ఒకతె. మిల్లులో తల్లి పోయేనాటికి ఆమెకి ఏడేళ్ళు. తండ్రి అంతకుముందే పోయాడు. అమ్మమ్మ ఇంట్లో పెరిగింది. ప్రతి పుట్టినరోజుకీ ఆ ఇంటి ముందు ఆయన ఆకుపచ్చ కారు ఆగేది. పోలీసు శిక్షణ పూర్తయిన రోజున కవాతు మైదానంలో తండ్రులు నిలబడే వరసలో నిలబడింది ఆయనే. ఆమె ఆయన్ని 'లయనెల్ అంకుల్' అని పిలిచేది.

ఇప్పుడు ఆ అంకుల్ చొక్కా గుండీ ఒకటి ఊడి ఉంది. సరిచేయాలని చెయ్యి ముందుకెళ్ళింది. ఆధారాలు ముట్టుకోకూడదు. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మేడమ్," అన్నాడు సార్జెంట్ ఫిర్త్ మెల్లగా. యాభై దాటిన మనిషి. ఆమె సంగతి తెలిసినవాడు. "ఇది వేరేవాళ్ళకి వదిలేద్దామా?"

"ఎవరైనా వచ్చి వదలమనేదాకా నాదే. టైముల లెక్క చెప్పు."

ఫిర్త్ కాగితం చూశాడు. "ఇవాళ పన్నెండింటికి సర్ లయనెల్ ఏదో ప్రకటన చేస్తారని కంపెనీ వారం నుంచి చెబుతోంది. ఎనిమిది నిమిషాలు. ఏం ప్రకటనో ఎవరికీ తెలీదు. పదవి నుంచి తప్పుకుంటారని అందరి ఊహ. ఎనిమిదీ ఇరవైకి ఆయన వచ్చారు. తొమ్మిదింటికి ఫిల్ము లైబ్రరీ చూసే సిరిల్ ఎమ్మట్ కెమెరా, ప్రాంప్టర్ సిద్ధం చేసి వెళ్ళాడు. ఒంటరిగా ఓసారి చదివి చూసుకుంటానని సర్ లయనెల్ అందర్నీ పంపేశారు. తొమ్మిదీ నలభై రెండుకి అదే ఎమ్మట్ తిరిగొచ్చి చూశాడు. నలభై ఆరుకి ఫోను. యాభైకి ఆయన సెక్రటరీ మిస్ బెరిల్ హెయిన్స్‌వర్త్ ముందు గేటు దగ్గర సంతకం పెట్టింది."

గ్లెనిస్ వేదిక చుట్టూ నడిచింది. నాలుగడుగుల ఎత్తు. దాని మీద కుర్చీ. ఎదురుగా నేల మీద కెమెరా, కెమెరా ముఖానికి తగిలించిన ప్రాంప్టర్. పెద్ద పెద్ద అక్షరాల్లో టైపు కొట్టిన కాగితపు చుట్ట అందులో తిరుగుతుంటే, చదివేవాడు జనం కళ్ళలోకి చూస్తున్నట్టే ఉంటుంది.

"వైర్లన్నీ వేదికకి ఎడమ పక్కన ఉన్నాయి. ఈయన కుడి పక్కన పడ్డాడు. కాలికి తగలడానికి ఏమీ లేదు." ఆమె మోకాళ్ళ మీద కూచుంది. "ఇది చూడు. తల దిమ్మకి కొట్టుకుంది, రక్తం దిమ్మ మీద ఉంది. తల మాత్రం అడుగు దూరంలో ఉంది. మధ్యలో ఒక్క చుక్క లేదు."

"ఎవరో తల ఎత్తి పట్టుకున్నారు."

"ఒళ్ళో పెట్టుకున్నారు," అంది గ్లెనిస్. "పద్దెనిమిది నిమిషాలు ఒళ్ళో పెట్టుకుని కూచున్నవాళ్ళు ఫోను ఎందుకు చేయలేదు?"

ప్రాంప్టర్ మూత తీసింది. కాగితపు చుట్ట లేదు. విప్పడం చేతకాని వాళ్ళెవరో బలంగా లాగేశారు. రోలరు సందులో జానెడు ముక్క చిక్కుకుని ఉంది. పట్టకారుతో బయటికి తీసింది. బొటనవేలి గోరంత అక్షరాలు.

'ఆ పదకొండు మందిలో ఎలెన్ ఓల్డ్‌రాయిడ్ అనే'

అంతే. అక్కడికి చిరిగిపోయింది.

ఫిర్త్ ఆమె భుజం మీదుగా చదివాడు. "మీ అమ్మగారి పేరా?"

గ్లెనిస్ తల ఊపింది.

*

చీఫ్ ఇన్‌స్పెక్టర్ రాయ్‌స్టన్ పెల్ జిల్లా కేంద్రం నుంచి పదీ నలభైకి దిగాడు. వాన చినుకులు పడ్డ ఓవర్‌కోటు విప్పకుండానే నడవాలో ఆమెకి అడ్డం నిలబడ్డాడు.

"ఇంకా ఇక్కడే ఉన్నావా? కాథ్రా నిధి తిని పెరిగిన పిల్లవి నువ్వు. ఆయన శవం మీద నువ్వు దర్యాప్తు చేస్తే రేపు కోర్టులో లాయర్లు నన్ను చూసి నవ్వుతారు."

"మిమ్మల్ని చూసి ఎందుకు నవ్వుతారు? దర్యాప్తు నాది కదా."

"నోరు మాత్రం బాగా పెంచాడు ముసలాయన." పెల్ నవ్వలేదు. "నిన్ను తప్పిస్తూ సూపరింటెండెంటు సంతకం పన్నెండింటికి నా చేతికొస్తుంది. అప్పటిదాకా తిరుగు. ఈలోపు నేను ఎమ్మట్‌ని బండెక్కిస్తున్నాను."

"ఎందుకు?"

"గేటు కాపలావాడు వాణ్ణి తొమ్మిదిన్నరకి చూశాడు. ఫిల్ము డబ్బా చేత్తో పట్టుకుని స్టూడియో వైపు నడుస్తున్నాడట. ఫోను తొమ్మిదీ నలభై ఆరుకి. మధ్యలో పదహారు నిమిషాలు. ఏం చేశావురా అంటే నోరు విప్పడు. ఆ డబ్బా ఏదంటే చూపించడు. ఇంకేం కావాలి నీకు?"

"పోయేముందు ఆయన తల ఎవరో ఒళ్ళో పెట్టుకున్నారు. వాళ్ళ బట్టలకి రక్తం అంటుతుంది. ఎమ్మట్ బట్టలు చూశారా?"

పెల్ మొహం కొద్దిగా మారింది. చూడలేదు.

"ఆయన వేసుకున్నది దుమ్ము అంటకుండా వేసుకునే తెల్ల కోటు సార్. అరవై మూడేళ్ళ మనిషిని మీ వాళ్ళు ఇందాకట్నుంచి గోడకి నిలబెట్టారు. చుక్క మరక లేదని మీకు కనబడలేదా?"

"ఉతుక్కునే టైముంది."

"పదహారు నిమిషాల్లో ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ కూడా చేశాడంటారా?"

పక్కనున్న కానిస్టేబుల్ దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు. పెల్ అది గమనించాడు.

"పన్నెండు," అన్నాడు పళ్ళ బిగువున. "పన్నెండూ ఒకటి కాదు."

*

ఎమ్మట్‌ని లైబ్రరీలో కూచోబెట్టారు. చుట్టూ కప్పుదాకా ఫిల్ము డబ్బాలు. గ్లెనిస్‌ని చూడగానే ఆయన లేవబోయి మళ్ళీ కూలబడ్డాడు.

"నిన్నెందుకు పంపించారమ్మా? ఇంకెవరూ దొరకలేదా వీళ్ళకి?"

"నేనే ఉంటానన్నాను. ఎమ్మట్ గారూ, తొమ్మిదిన్నరకి మీరు స్టూడియోకి వెళ్ళారా?"

"తలుపు దాకా వెళ్ళాను. వెనక్కొచ్చేశాను. ఇక్కడే కూచున్నాను, ఈ కుర్చీలోనే. నలభై రెండుకి మళ్ళీ వెళ్ళాను. అప్పటికే అయిపోయింది."

"ఎందుకు వెనక్కొచ్చారు?"

"ఆయన చెప్పిన పని చేయలేకపోయాను. చేయలేదని చెప్పే ధైర్యం కూడా రాలేదు."

"ఏం పని?"

ఎమ్మట్ తల అడ్డంగా ఊపాడు. ముసలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "జైల్లో పెట్టినా సరే, నీకు మాత్రం చెప్పను తల్లీ. వేరే ఆఫీసర్ని తీసుకురా, చెబుతాను."

ఆయన పాదాల దగ్గర బల్ల కింద తుప్పు పట్టిన డబ్బా ఒకటి ఉంది. దాని మీద సిరాతో రాసిన తేదీ సగం మాసిపోయింది. గ్లెనిస్ చూసింది. తను చూసిందని ఆయనా చూశాడు. కాళ్ళు దగ్గరికి లాక్కుని డబ్బాకి అడ్డం పెట్టాడు. ఆమె అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందో అన్న భయం ఆ నిమిషంలో ఆమెకి పోలీసు ఉద్యోగం కంటే పెద్దదైంది.

"ఒక్కటి చెప్పండి. ప్రాంప్టర్ కాగితం మీరు టైపు చేశారా?"

"నాకు టైపు రాదు. ఏడున్నరకి నేనొచ్చేసరికి న్యూస్‌రూములో పెద్దక్షరాల మిషను చప్పుడు వినిపించింది. రాత్రి డ్యూటీవాళ్ళనుకున్నా. ఎనిమిదిన్నరకి ఆయనే చుట్ట తెచ్చి నా చేతికిచ్చాడు."

"ఆ మిషను ఒకటేనా?"

"ఈ భవనం మొత్తానికి ఒకటే."

ఫిర్త్ అప్పటికే తలుపు దగ్గరున్నాడు.

*

మిస్ బెరిల్ హెయిన్స్‌వర్త్ సర్ లయనెల్ గది బయట తన బల్ల దగ్గర నిటారుగా కూచుని ఉంది. యాభై ఎనిమిదేళ్ళు. ముప్పై ఏళ్ళుగా ఆయన దగ్గరే పని. సంతాపపు ఫ్యాక్సులు రాగానే ఒక దొంతిలో పేరుస్తోంది. హీటరు వేడికి గది ఉడికిపోతోంది. గ్లెనిస్ తన కోటు విప్పి కుర్చీకి తగిలించింది. మిస్ బెరిల్ నల్ల ఓవర్‌కోటు మెడ దాకా గుండీలు పెట్టుకునే ఉంది.

"టీ తాగుతావా గ్లెనిస్?"

"వద్దు మిస్ బెరిల్. కోటు తీయరా? చెమటలు పడుతున్నాయి మీకు."

"చలిగా ఉంది నాకు."

"ప్రకటన దేని గురించి?"

"పదవీ విరమణ. ఇంకేముంటుంది, డెబ్బై ఒకటొచ్చాయి కదా."

"ఎవరు టైపు చేశారు?"

"ఆయన తనే ఏదో రాసుకున్నారు. నాకు చూపించలేదు."

"ముప్పై ఏళ్ళలో ఆయన ఒక్క ఉత్తరమైనా తనే టైపు చేసుకున్నారా?"

మిస్ బెరిల్ ఫ్యాక్సు కాగితాల అంచులు సరిచేసింది. "తొమ్మిదీ యాభైకి వచ్చాను నేను. గేటు దగ్గర పుస్తకం చూసుకో. నాకు తెలిసింది అంతే."

"గేటు పుస్తకం చూశాను. సెట్టు సామాను దించే వెనక తలుపు తాళంచెవి మీ దగ్గరుందని కూడా కాపలావాడు చెప్పాడు."

ఫిర్త్ లోపలికొచ్చాడు. చేతిలో చిన్న ప్లాస్టిక్ పెట్టె. అందులోంచి జానెడు మేర నల్లటి రిబ్బను వేలాడుతోంది.

"ఆ పెద్ద మిషనుకి వాడేది ఒక్కసారికే పనికొచ్చే కార్బన్ రిబ్బను మేడమ్," అన్నాడు. "కొట్టిన ప్రతి అక్షరం దీని మీద వరసగా దిగి ఉంటుంది. కాగితం మాయం చేసినా ఇది మిగిలింది. నిన్న సాయంత్రమే కొత్తది వేశారట. ఇందులో ఉన్నది ఒకటే కాగితం."

"చదువు."

"ఇక్కడా?"

"ఇక్కడే."

ఫిర్త్ కిటికీ దగ్గరికి వెళ్ళి రిబ్బనుని వెలుతురుకి పట్టాడు. చిన్నపిల్లాడు కూడబలుక్కుని చదివినట్టు, అక్షరం అక్షరం కలుపుకుంటూ చదివాడు.

"నా పేరు లయనెల్ కాథ్రా. ఇరవై ఏడేళ్ళుగా మీ ఇళ్ళలోకొచ్చి స్వేల్‌బెక్ పిల్లల కోసం చెయ్యి చాపాను. ఇవాళ అడగడానికి రాలేదు, ఒప్పుకోవడానికొచ్చాను. మిల్లు తగలబడడానికి రెండు రోజుల ముందు, పై అంతస్తు తలుపుకి బయట తాళం వేస్తున్నారని చెప్పే ఫిల్ము నా చేతిలో ఉంది. మిల్లు యజమాని నా కంపెనీలో భాగస్వామి. మా ప్రసారాలు మొదలై ఆరు వారాలే అయింది. నేను ఆ ఫిల్ముని ఆపేశాను. గురువారం సాయంత్రం నాలుగూ పదికి మిల్లు అంటుకుంది. తలుపు తెరుచుకోలేదు. ఆ పదకొండు మందిలో ఎలెన్ ఓల్డ్‌రాయిడ్ అనే..."

ఫిర్త్ ఆగిపోయాడు.

"చదువు," అంది గ్లెనిస్. తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది.

"...ఎలెన్ ఓల్డ్‌రాయిడ్ అనే ఆమె కెమెరా ముందు నిలబడి మనకి చెప్పింది. అది మీ చెవిదాకా రాకుండా ఆపింది నేను. నేను చేసిన ప్రతి మంచి పనీ ఆ మర్నాటి శుక్రవారం నుంచే మొదలైంది. ఆమె కూతురు నన్ను అంకుల్ అని పిలుస్తుంది. ఆ పిలుపు నేను దొంగిలించాను. ఇక ఫిల్ము చూడండి."

"ఇంకా ఉందా?"

"చివర నాలుగు అక్షరాలు. ఎల్ సి, గీత, బి హెచ్."

ప్రతి ఉత్తరం అడుగున చెప్పినవాళ్ళ పొడి అక్షరాలు, టైపు కొట్టినవాళ్ళ పొడి అక్షరాలు వేయడం సెక్రటరీల అలవాటు. లయనెల్ కాథ్రా, బెరిల్ హెయిన్స్‌వర్త్. ముప్పై ఏళ్ళ అలవాటు ఆ పొద్దునా వేళ్ళలోంచి వచ్చేసింది.

"కోటు విప్పండి మిస్ బెరిల్," అంది గ్లెనిస్ నెమ్మదిగా.

మిస్ బెరిల్ ఒక్కొక్క గుండీ తీసింది. బూడిద రంగు స్కర్టు ఒడి నిండా రక్తం ఎండి అట్టలు కట్టి ఉంది.

"నేనే టైపు చేశాను," అందామె. "ఒక్కో వాక్యం కొడుతూ ఏడిచాను. కొట్టాక ఆయనకిచ్చి, కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. ఆసుపత్రిలో ఆయన కట్టించిన పిల్లల వార్డు చూశావా నువ్వు? పంతొమ్మిది మంది చదువులు, నీ ఉద్యోగం, ఈ ఊరికి ఓ పేరు. ఇదంతా పన్నెండూ ఎనిమిదికల్లా బురద అయిపోవాలా? స్టూడియోకి వెళ్ళి ప్రాంప్టర్ లోంచి కాగితం లాగేశాను. ఆయన వేదిక కుడి అంచు దగ్గర, వీపు అటు పెట్టి, వంగి రెండో కొస పట్టుకున్నారు. ఇద్దరం లాగాం, చిన్నపిల్లల్లాగా. సిగ్గేసింది నాకు. వదిలేశాను. నేను వదిలేసరికి ఆయన వెనక్కి..."

చెయ్యి గాలిలో ఆగిపోయింది.

"తొమ్మిదీ ఇరవై రెండు. స్టూడియో గడియారం చూశాను."

"నలభై దాకా బతికే ఉన్నారు. ఫోను మీకు పది అడుగుల దూరంలో ఉంది."

"తెలుసు."

"ఎందుకు చేయలేదు?"

"చేస్తే బతుకుతారు," అంది మిస్ బెరిల్. "బతికితే చదువుతారు."

ఫిర్త్ రిబ్బను దించేశాడు. గ్లెనిస్ కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏమైనా అన్నారా?"

"రెండుసార్లు నీ పేరు పిలిచారు. గ్లెనిస్‌కి చెప్పు అన్నారు. ఏం చెప్పాలో అనలేదు. చెప్పమని అడిగాను కూడా. చెయ్యి పట్టుకునే ఉన్నాను గ్లెనిస్, ఒంటరిగా పోనివ్వలేదు. ఆయన్ని నేను..." ఆ మాట ముప్పై ఏళ్ళుగా నోట్లోనే ఉన్నట్టుంది, ఇప్పుడూ బయటికి రాలేదు.

పదకొండూ పదికి గ్లెనిస్ నడవాలో పెల్ ఎదురుగా నిలబడి రిబ్బను, చిరిగిన ముక్క, వాంగ్మూలం అప్పగించింది. అతను మొత్తం చదివాడు. చదివేకొద్దీ మొహంలో బిగువు సడలింది.

"ఎమ్మట్‌ని వదిలేయమని చెబుతాను," అన్నాడు. వాంగ్మూలం మడిచి, "నువ్వు ఇంటికెళ్ళు. ఇది ఉత్తర్వు కాదు. అడుగుతున్నాను," అన్నాడు.

"ఒక సాక్ష్యం మిగిలింది సార్."

*

"నువ్వు చూడొద్దు," అన్నాడు ఎమ్మట్. డబ్బా ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ దాని మీద వేసుకున్నాడు.

"మా అమ్మ గొంతు నాకు గుర్తు లేదు ఎమ్మట్ గారూ. మొహం ఫొటోలో ఉంది. గొంతు ఎక్కడా లేదు."

ఆయన చేతులు మెల్లగా పక్కకి జరిగాయి.

"ఆ రోజు కెమెరా నాదే," అన్నాడు. "తగలబెట్టెయ్యమన్నాడు కాథ్రా. ఖాళీ ఫిల్ము తగలబెట్టి ఇది దాచాను. పది రోజుల కిందట ఆయనే వచ్చి, ఉందా అని అడిగాడు. తెలుసట, నేను దాచానని. ఇన్నేళ్ళూ తెలుసట."

ఫిల్ముని బల్ల మీది యంత్రానికి ఎక్కించి మీట నొక్కాడు. చిన్న తెర వెలిగింది.

నలుపు తెలుపుల్లో మిల్లు వెనక గోడ. తలకి గుడ్డ కట్టుకున్న ఆడమనిషి. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. ఇప్పటి గ్లెనిస్ కంటే చిన్నది. చలికి చేతులు చంకల్లో దోపుకుంది.

"మాట్లాడమంటారా? సరే. నా పేరు ఎలెన్ ఓల్డ్‌రాయిడ్. పై అంతస్తులో పదకొండు మందిమి పనిచేస్తాం. మధ్యలో టీకి పోతామని బయట తాళం వేస్తున్నారండీ. రేపు ఏదన్నా అయితే కిటికీలోంచి ఎగరాలా మేం? మాకేమన్నా రెక్కలున్నాయా?" అని నవ్వేసింది. నవ్వి, తప్పు చేసినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఇది టీవీలో వస్తుందంటారా? మా పిల్ల చూస్తే పక్కింటోళ్ళందర్నీ లేపేస్తుంది. ఏడేళ్ళు దానికి. నోరు ఆగదు."

గ్లెనిస్ రెండు చేతుల మధ్య మొహం పెట్టుకుంది. కళ్ళు మాత్రం మూయలేదు. కొంచెం బొంగురు గొంతు. మాట చివర సాగదీసే తీరు. తన గొంతు అచ్చం అదే. ముప్పై నాలుగేళ్ళుగా తనతోనే ఉంది, తనకే తెలీలేదు.

ఎమ్మట్ మీట ఆపాడు. "ఇంతే. ఇక్కడితో చాలు."

తిరగని ఫిల్ము ఇంకా కొద్దిగా మిగిలి ఉంది.

"మీరు చేయలేకపోయిన పని ఇదేనా? ఈ మిగిలింది కోసెయ్యమన్నాడా?"

ఎమ్మట్ కళ్ళు దించుకున్నాడు. "నలభై సెకన్లు. చివరి నలభై సెకన్లు కోసేసి తొమ్మిదిన్నరకి తెమ్మన్నాడు. కత్తెర పట్టుకుని కూచున్నాను. చేతులు రాలేదు. నేను కోయలేదని చెబితే ఏమంటాడో అని తలుపు దాకా వెళ్ళి వెనక్కొచ్చాను."

గ్లెనిస్ చెయ్యి చాపి తనే మీట నొక్కింది.

తెర మీద తల్లి ముందుకి వంగింది. కెమెరా పక్కన ఎవరితోనో మాట్లాడుతోంది.

"మేమైతే రేపు పొద్దున్నే బయటికొచ్చేద్దామనుకున్నాం. పదకొండు మందిమీ ఒక్కమాట మీదున్నాం. తాళం తీసేదాకా లోపల అడుగు పెట్టం."

కనబడని మనిషి గొంతు వినిపించింది. వెచ్చటి గొంతు. ప్రతి పుట్టినరోజుకీ గుమ్మంలో నిలబడి పిలిచిన గొంతు.

"వద్దమ్మా. ఇప్పుడు బయటికొస్తే సమ్మె అంటారు, మీ మాటకి విలువ పోతుంది. ఏమీ తెలీనట్టు పనిలోకెళ్ళండి. శుక్రవారం సాయంత్రం దీన్ని ఊరంతా చూస్తుంది. నాది పూచీ."

ఎలెన్ ఒక క్షణం ఆలోచించింది. తర్వాత తల ఊపింది.

"సరే. పెద్దమనిషి మీరు, మీరు చెప్పాక ఇంకేముంది. శుక్రవారం దాకా ఆగుతాం."

తెర తెల్లబడింది. ఫిల్ము కొస యంత్రంలో టపటపా కొట్టుకుంటూ ఉండిపోయింది. ఇద్దరిలో ఎవరూ ఆపలేదు.

"అప్పుడు నిజంగానే అన్నాడమ్మా," అన్నాడు ఎమ్మట్. "ఆ మంగళవారం ఇది తీసినప్పుడు వేస్తాననే అనుకున్నాడు. బుధవారం యజమాని వచ్చి కలిశాడు. వెయ్యనని అప్పుడన్నాడు. పోనీ, ఆ ఆడవాళ్ళకైనా కబురు పెట్టండి, బయటికొచ్చేస్తారు అన్నాను. పెడతాలే అన్నాడు."

"పెట్టలేదు."

"పెట్టలేదు."

ఊరందరి ముందూ తప్పు ఒప్పుకోవడానికి సిద్ధపడ్డ మనిషి, ఆ తప్పులో ఈ ముక్క మాత్రం కత్తిరించమన్నాడు. ఫిల్ము ఆపానని చెప్పడానికి గుండె చాలింది. వాళ్ళని లోపలికి పంపింది తనేనని చెప్పడానికి చాలలేదు. పోతూ పోతూ గ్లెనిస్‌కి చెప్పమన్నది ఇదేనా? లేక ఇది చెప్పొద్దనా? ఇక ఎవర్ని అడగాలి?

ఆమె లేచి యంత్రం ఆపింది. డబ్బాకి కట్టే సాక్ష్యపు చీటీ తీసి తేదీ వేసింది. కింద రాసింది: 'పూర్తి నిడివి. ఏదీ కత్తిరించలేదు.' సంతకం పెడుతుంటే ఇంటిపేరు దగ్గర కలం ఆగిపోయింది. తడి చుక్క పడి సిరా అలుక్కుపోయింది. దాని మీదే మళ్ళీ రాసింది.

వెనక తలుపు దగ్గర మిస్ బెరిల్‌ని కారెక్కిస్తున్నారు. గ్లెనిస్ చేతిలో డబ్బా చూడగానే ఆమె ఆగింది. పక్కనున్న కానిస్టేబుల్ తొందరపెట్టలేదు.

"అదేనా?" అంది. "నేనెప్పుడూ చూడలేదు. అందులో ఆయన కనిపిస్తారా?"

"లేదు. గొంతే ఉంది."

"అప్పుడెంత మంచి గొంతు ఆయనది," అంది మిస్ బెరిల్. ఆ ఎండిపోయిన మొహంలో ఒక్కసారి ప్రాణం వచ్చింది. "నేను చేరింది ఆ గొంతు విన్నాకే. ఏమంటారమ్మా అందులో?"

గ్లెనిస్ ఆమె స్కర్టు మీద ఎండిన రక్తం వంక చూసింది. చెప్పకుండా ఉండొచ్చు. ముప్పై ఏళ్ళు కాపాడుకున్నది ఒక్కటైనా ఆమెకి మిగులుతుంది. కానీ ఇలా ఒకళ్ళకొకళ్ళు నిజం దాచి మిగులుస్తూ వచ్చే కదా ఇక్కడిదాకా వచ్చింది.

"పనిలోకి వెళ్ళమంటారు, మిస్ బెరిల్," అంది. "మా అమ్మ బయటికొచ్చేస్తానంటే, ఆయన లోపలికి వెళ్ళమంటారు."